సాంచాల మోతలో హారతి నాటకం

హారతి రంగస్థలం ఎక్కుతుందంటే ఆ సాయంత్రం మన నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ డిండోలిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి మనిషి దొరికేవాడు కాదు. ఏటా మార్కండేయ జయంతి నాటకంలో ఆమె ఏడిస్తే వాడంతా ఏడ్చేది, నవ్వితే నవ్వేది. అలాంటి మనిషి ఈసారి వేషం వేయను, నాటకం నేనే ఆడిస్తాను అంది. సంఘం పెద్ద కనకయ్యకు ఆ మాట మింగుడుపడలేదు. మగ్గం వదిలి చీరల దుకాణం పెట్టి చాలాకాలమైన మనిషి, నాటకాల విషయంలో మాత్రం తన మాటే చెల్లాలంటాడు. నాటకం బెడిసికొడితే వచ్చే ఏడు బుద్ధిగా ముఖానికి రంగు వేసుకోవాలని షరతు పెట్టాడు. హారతి సరేనంది. భయం లేక కాదు, ఒకరు చెప్పినట్టు ఆడి ఆడి ఆమెకు విసుగెత్తింది.

మొదటి రంగమే సాంచాల కార్ఖానాలో జరుగుతుంది. రిహార్సల్లో మొగుడి వేషం కట్టిన నరహరి మైకు పగిలేలా అరుస్తుంటే హారతి ఆపింది.

"కార్ఖానల ఎప్పుడన్న గిట్ల ఒర్రినమా? పెదవులు జూసే గదా మాట్లాడుకుంటం. మొగం జనం దిక్కు పెట్టి గట్లనే ఆడు."

మాట వినబడని నాటకం ఎవడు చూస్తాడని నరహరి అలిగి ఇంట్లో కూర్చున్నాడు. హారతి బతిమాలలేదు. వేషం ఇంకొకరికి ఇస్తున్నానని కబురు పంపింది. మర్నాడు అందరికంటే ముందు అతనే వచ్చాడు. నటుల అలక ఎంతసేపుంటుందో ఆమెకు తెలియదా, తానెన్నిసార్లు అలగలేదు!

జయంతి రోజు హాలు కిక్కిరిసింది. రికార్డు చేసి తెచ్చిన సాంచాల మోతకు కుర్చీలు అదిరాయి. ఆ మోతలో నరహరి, పెళ్లాం వేషం వేసిన నీరజ గొంతు లేకుండా గొడవపడ్డారు. మైకు పోయిందనుకుని కనకయ్య ముందు వరుసలోంచి లేచాడు. జనం చడీచప్పుడు లేకుండా ఉన్నారు. వాళ్లకు అర్థమైందో లేదో తెలియక హారతి తెర పక్కనుంచి ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది.

రేపటి బండికి ఊరికి పోతున్నా, ఇక రాను అని నీరజ పెదవులతోనే చెప్పింది.

రెండో వరుసలో వెంకటవ్వ ఉంది. ఆ మోతలోనే నూలు కండెలు చుట్టి చుట్టి చెవులు పోగొట్టుకున్న ముసలమ్మ. ఏ నాటకానికొచ్చినా "ఏమన్నది, ఏమన్నది" అని పక్కవాళ్ల ప్రాణం తీసేది. ఈసారి ఆమే మొదట లేచింది.

"పోకు బిడ్డా! వాడు నోటి దురుసోడు గని మంచోడే."

హాలంతా అవునవునంది. హారతికి సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. ఏమీ అంతుబట్టని కనకయ్య వెనక్కి తిరిగి, ఆ పిల్ల ఏమందని వెంకటవ్వనే అడిగాడు. ఆమె ఆయన పెదవులు చదివింది.

"జర కూసో కనకయ్యా, అడ్డమొస్తున్నవు. అయినంక నేను జెప్త."

కనకయ్య కూర్చున్నాడు.