నాయుడు గారు మోసిన నా తప్పు

శ్రీ కృష్ణసామి నాయుడు గారు చిన్నమనూరులో కన్నుమూశారన్న వార్త మంగళవారం మిల్లుకు వచ్చింది. వినగానే చేతిలోని స్పానరు కిందపెట్టి సెలవు అడిగాను. పైకారా జలపాతం కరెంటు కోయంబత్తూరు సీమకు వచ్చిన తొలినాళ్ళ నుంచి, సూలూరు దారిలోని మా మిల్లులో విద్యుత్తు పనులన్నిటికీ, మిల్లు విడిచే దాకా, ఆయనే పెద్ద. నాకు గురువు, వరుసకు మేనమామ. ఆయన పేరుకు ఒక మచ్చ అంటి ఉంది. దాన్ని తుడవకుండా ఆయన గుణగానం చేసే అర్హత నాకు లేదు.

మనిషి సన్నం, కోపం లావు. కొత్త మోటారు వస్తే మేమంతా దాని చుట్టూ మూగేవాళ్ళం; ఆయన మాత్రం తీగ దగ్గర కూర్చునేవారు. ఆ తీగ ఎన్ని ఆంపియర్లు మోయగలదో గోడ మీద సుద్దతో రాసిన తరువాతే బ్రేకరు మాట ఎత్తేవారు.

"బ్రేకరు తీగకి కావలి, తంబి. తీగ తాళలేనంత కరెంటు పోతే అది ట్రిప్పయి ఆపేయాల," అని నన్ను తమ్ముడిలా పిలుస్తూ చెప్పేవారు.

ఒకసారి బ్రేకరు మాటిమాటికీ ట్రిప్పవుతూ పని ఆగుతోందని ముదలాళి, అంటే మిల్లు యజమాని, స్వయంగా వచ్చారు.

"ఏమి నాయుడూ, కొంచెం ఎక్కువ పెట్టేస్తే ఏమి పోతాది?"

"మిల్లే పోతాదయ్యా. ముందు మోటారు బేరింగు చూడాల."

విప్పితే బేరింగు నిజంగానే అరిగిపోయి ఉంది. ఆ వారమంతా మేం ఆ మాటే చెప్పుకుని మురిసిపోయాం.

అంతటి నిష్ఠాపరునికి నా వల్ల అపకీర్తి వచ్చింది. ఆయన జ్వరంతో ఇంట పడి ఉన్న రోజున ఒక కొత్త మోటారుకు బ్రేకరు కొలత నేను కట్టాను. మూడు ఫేజుల లెక్కలో వోల్టేజీని ఒకటి పాయింటు ఏడు మూడుతో హెచ్చించి, దానితో మోటారు శక్తిని భాగించాలి. దీపాల సింగిల్ ఫేజు లెక్కకు అలవాటు పడిన నేను ఆ హెచ్చింపు మరిచాను. డెబ్బై ఆంపియర్లు రావలసిన చోట నూట ఇరవై వచ్చింది. గోడ మీద తీగ శక్తి రాసి ఉంటే తప్పు అక్కడే తెలిసేది, రాయలేదు. పది రోజులకు మోటారు మీద బరువు పెరిగింది. బ్రేకరు కదలలేదు. తీగ కాలి పక్కనున్న పత్తి బేళ్ళు అంటుకున్నాయి. ప్రాణాలు పోలేదు, అదొక్కటే అదృష్టం.

విచారణకు వచ్చిన దొర ముందు నాయుడు గారు లేచి, "లెక్క నాదే," అన్నారు. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

"ఊరుకో తంబి. నీకి ఇప్పుడే కల్యాణమయింది. నాకి చిన్నమనూరులో వరిమడి ఉండాది, పోయి చూసుకుంటాను."

"వద్దు మామా, నేను చెప్పేస్తాను."

"చెప్తే ఇద్దరికీ పని ఉండదు. లెక్క సరిగ్గా నేర్చుకో, చాలు."

నేర్చుకున్నాను. ఆయన స్థానంలోనే కూర్చుని, సిగ్గులేకుండా ఆరేళ్ళు జీతం తిన్నాను. "మిల్లు కాల్చిన నాయుడు" అని కొత్తవాళ్ళు నవ్వుతుంటే తల వంచుకుని విన్నాను. రేపు చెబుదాం, పండుగ పోయాక చెబుదాం అనుకుంటూనే కాలం గడిపాను.

కర్మకు వెళ్ళినప్పుడు ఆయన భార్య నన్ను పక్కకు పిలిచారు. "ఏమప్పా, అంత చూసి చూసి చేసే మనిషి ఆ తప్పు ఎట్ల చేసె? నాకి కూడా చెప్పలేదు."

ఇంట్లో కూడా ఆయన నా పేరు ఎత్తలేదని అప్పుడే తెలిసింది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగినదంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"పోయిన నెల ఇదే తిన్నెమీద కూర్చొని ఉండె," అన్నారు. "అప్పుడు వచ్చి ఉండకూడదా?"

ఆ మహానుభావుని పాదాలకు నా నమస్కారం. ఆ లెక్క నాది.