ఎర్ల్ గారిని జమీందారు అన్నందుకు

1984. వర్జీనియాలో షాంటిలీకి దగ్గర్లో ఉన్న ఒక హాస్పిటల్‌లో నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ చేత మళ్ళీ మాట్లాడించడం నా పని. ఆ స్థితిని అఫేజియా అంటాం. మనిషికి ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్న మాట మాత్రం నోటిదాకా రాదు.

ఆ ఏడాది ప్రొఫెసర్ బార్లో నా దగ్గరికి వచ్చారు. ఇంగ్లండులోని చెస్టర్ నగరం మధ్యయుగ చరిత్ర చెబుతూ జుట్టు నెరిసిన మనిషి. అలాంటాయనకి నేను కప్పు, దువ్వెన, కుక్క బొమ్మల కార్డులు చూపించి "ఇదేమిటి?" అనేదాన్ని. మొదటి శబ్దం మేం అందించి మిగతాది పేషెంట్ చేత పలికించడాన్ని క్యూయింగ్ అంటారు. నేను శబ్దం అందిస్తే ఆయన కిటికీవైపు తిరిగేవారు. ఒకరోజు కార్డులన్నీ నేలకేసి కొట్టారు.

మా వార్డు డాక్టర్ మూర్తిగారు కారిడార్‌లో ఆపారు. "సుధా, శుక్రవారం టీమ్ మీటింగ్ ఉందమ్మా. ప్రోగ్రెస్ లేదంటే థెరపీ ఆపేసి నర్సింగ్ హోమ్‌కి డిశ్చార్జ్ చేసేస్తారు. ఏం చెప్తావ్?"

"ఏం చెప్పమంటారండీ, ఒక్క మాట పెగల్లేదు."

ప్రొఫెసర్ భార్య ఎలెన్‌కి ఆ సంగతి తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కోలుకోనివాళ్ళని ఉంచే చోటది. అక్కడికి పంపిస్తే ఇక నోరు విప్పడం మానేస్తాడు" అంది. మర్నాడు ఇంట్లోంచి చెస్టర్ ఫొటోల పుస్తకం తెచ్చిచ్చింది.

వేల్స్ సరిహద్దు దగ్గర నది ఒడ్డున, ఎర్రరాతి గోడల మధ్య నగరం. దాన్ని ఎర్ల్ అనే ప్రభువులు ఏలారట. నాకు తెలిసిన పోలికేదో చెబుదామని, "ఎర్ల్ అంటే మా జమీందారులాంటివాడే కదండీ! శిస్తు వసూలు చేసి, రాజుగారి వాటా కట్టేసి, మిగిలింది తను తినేవాడు" అన్నాను.

ఆయన మొహం జేవురించింది. ఎడమచేత్తో తన చక్రాల కుర్చీ మీద గట్టిగా చరిచారు.

"నో! నో... సోర్డ్!"

"కత్తా? కత్తేమిటండీ?"

"సోర్డ్... నాట్... రెంట్!"

ఎలెన్ నవ్వుతూ ఏడుస్తూ వివరించింది. రాజు కిరీటంతో ఇంగ్లండుని ఏలితే, చెస్టర్ ఎర్ల్ కత్తితో తన సీమను ఏలాడని అక్కడ చెప్పుకుంటారట. సొంత కోర్టు, సొంత సామంతులు, రాజు పన్నులు అక్కడ చెల్లవు. అంతటివాణ్ణి పట్టుకుని శిస్తు వసూలు చేసేవాడంటే ఊరుకుంటారా మరి!

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. రాత్రి అసలు చరిత్ర శ్రద్ధగా చదివేదాన్ని, పగలు దాన్ని చక్కగా పాడుచేసి వడ్డించేదాన్ని. గోడలు చెక్కవన్నాను, వేల్స్‌తో ఎప్పుడూ యుద్ధాలు చేసిన ఎర్ల్‌కి ఆ వేల్స్ అంటే ప్రాణమన్నాను. ఒక్కో తప్పుకి ఆయన నోట ఒక్కో మాట! ఇంటికి వెళ్ళేటప్పుడు కార్‌లో ఒక్కదాన్నే పాటలు పాడుకున్నాను.

శుక్రవారం ప్రొఫెసర్‌ని కూడా మీటింగ్‌కి తీసుకెళ్ళి, ఆయన పలికిన మాటల గురించి చెప్పాను. పెద్ద డాక్టర్ తేలిగ్గా తీసేశాడు. "కోపంలో తిట్టు ఎవరికైనా వస్తుంది. దాన్ని భాష అనలేం" అన్నాడు. ఆ మాటలో నిజముంది. అందుకే నాకు ఒళ్ళు మండింది. ప్రొఫెసర్ వైపు తిరిగి తాపీగా అన్నాను: "చివరి ఎర్ల్‌కి పిల్లల్లేరు కదండీ, నగరాన్ని అక్కచెల్లెళ్ళు పంచేసుకున్నారు."

ఈసారి ఆయన కుర్చీ చరచలేదు. బలం కూడదీసుకున్నారు. "కింగ్... టుక్... సిటీ. సిస్టర్స్..." చెమట పట్టింది. నేను క్యూ అందించబోయి ఆగాను. "సిస్టర్స్... గాట్... అదర్... ల్యాండ్."

మూర్తిగారు బల్లకింద నా చెయ్యి నొక్కారు. పెద్ద డాక్టర్ ఇంకో మాటనకుండా థెరపీ కొనసాగించమని రాశాడు.

బయటికొచ్చాక నేను ఆయన కుర్చీ తోస్తుంటే, ప్రొఫెసర్ నా కోటు అంచు పట్టుకుని ఆపారు. కళ్ళు మెరుస్తున్నాయి.

"టుమారో... టెల్ మీ... రాంగ్... అగైన్."

నేను కావాలనే తప్పులు చెబుతున్నానని ఆయనకి తెలుసు! తెలిసీ, నాతోపాటు ఆ ఆట ఆడారు. మాట పోయినంత మాత్రాన తెలివి పోదని పుస్తకంలో చదివి పరీక్ష పాసయ్యాను. నమ్మింది మాత్రం ఆ కారిడార్‌లోనే.