బండ మీద బావ, గులాబీ రంగు జిగ్గు

మొన్న శుక్రవారం నేను కారు నడిపే అరబ్బుల ఇంటి యజమానురాలిని, మేం మామా అని పిలిచే ఆమెను, సాల్మియాలో బట్టల కొట్టు ముందు దింపి, కారు నీడకు పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా గాలాల దుకాణం. అద్దం వెనక గోడ నిండా జిగ్గులు, అంటే చేపకు ఎరలా కనిపించే గాలాలు, వేలాడుతున్నాయి. సీసపు తల, వంకర ముల్లు, వెనక మెత్తటి రబ్బరు తోక. పచ్చవి, తెల్లవి, గులాబీవి. చలి వెళ్ళిపోయింది కదా, కొత్త సరుకు దిగినట్టుంది. దారిన పోయేవాళ్ళు ఆగి మురిసిపోతున్నారు. నాకు మాత్రం ఏసీలో కూర్చున్నా అరచేతులు తడిసిపోయాయి. చేప భయపడాల్సిన వస్తువును చూసి నేను భయపడటమేమిటని నవ్వుకోండి, పరవాలేదు.

ఆ భయం నాకు మా బావ పెట్టింది. మా అక్క మొగుడు. అప్పట్లో అబూ హలీఫాలో ఒక ఇంట్లో వంట చేసేవాడు. నేను ఎగైలాలో డ్రైవరుగా చేరినప్పటి నుంచి శుక్రవారం వస్తే ఆయన పక్కన ఉండటం నాకు ఇంకో డ్యూటీ. అక్క రాయచోటి నుంచి ఫోన్ చేసి మరీ అప్పగించింది. "మీ బావ గాలం పట్టుకుంటే ఒళ్ళు తెలీదురా. కనిపెట్టుకోనుండు. మనిషిని మనిషిగా నాకు పంపీయాల," అనేది. ఆయన జిగ్గు ఎంచుకోవడం చూసి తీరాలి. మా అక్క గాజుల కొట్లో కూడా అంతసేపు కూర్చోదు. నీళ్ళు మడ్డిగా ఉంటే గులాబీ, తేటగా ఉంటే తెలుపు, మబ్బు పడితే పచ్చ. నీళ్ళు గోరువెచ్చబడే ఈ కాలంలో శీం అనే చిన్న వెండి చేపలు మేతకని రాళ్ళ దగ్గరికి వస్తాయి. వాటి నోరు చిన్నది కాబట్టి జిగ్గు చింతగింజంతే ఉండాలి. ఒంట్లో బాగాలేని రొయ్యలాగా పడుతూ లేస్తూ కదలాలి. కూరలో ఉప్పు మరిచిపోతాడేమో గానీ ఈ శాస్త్రం మరిచిపోడు.

మేం ఎప్పుడూ గట్టు మీద నుంచే గాలం వేసేవాళ్ళం. కొన్నేళ్ళ కిందట ఒక శుక్రవారం పొద్దున వెళ్ళేసరికి సముద్రం చాలా దూరం వెనక్కి పోయి ఉంది. మామూలుగా మునిగి ఉండే బండలు నాచుతో, ఉప్పు కంపుతో బయటపడ్డాయి. "చూసినావా, దేవుడే దారి వేసినాడు," అని బావ ప్యాంటు మడిచి తడి ఇసుకలో నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. అక్కడే మా సీమ బుద్ధి పనిచేసింది. మా చెరువులో నీళ్ళు తగ్గాయంటే మళ్ళీ వాన పడేదాకా తగ్గినట్టే. పోయిన నీళ్ళు పూట తిరక్కముందే వెనక్కి వస్తాయని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆటుపోట్ల గురించి నేను బళ్ళో చదివాను. చదివింది కాళ్ళదాకా దిగలేదు.

చివరి బండ మీద బావ ప్లాస్టిక్ డబ్బా తెరిచాడు. తెల్లది వేశాడు, లాభం లేదు. పచ్చది వేశాడు, అదీ అంతే. "ఈ పొద్దు దీని నోటికి ఏం కావాల్నో!" అని తల గోక్కుని గులాబీది కట్టాడు. చేప పడింది. వెంటనే ఇంకొకటి. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. అంతలో గట్టు మీద చెత్త ఊడుస్తున్న బెంగాలీ ఆయన "భాయ్! పీఛే దేఖో! పానీ!" అని అరిచాడు. తిరిగి చూశాను. మేం నడిచొచ్చిన ఇసుక లేదు. మాకూ గట్టుకూ మధ్య సముద్రం ఉంది.

"బావా, నీళ్ళు!" అన్నాను.

"ఉండబ్బా, ఇంగొకటి కొరుకుతాంది," అన్నాడు. తర్వాత తిరిగి చూశాడు. మొహం పిండి కొట్టినట్టయింది. "నాకు ఈత రాదురా," అన్నాడు. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నా ఆ మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు వచ్చిందల్లా బావిలో నేర్చిన ఈత. బావికి నాలుగు పక్కలా గోడ ఉంటుంది. ఇక్కడ ఏదీ లేదు.

నీళ్ళు బండ ఎక్కుతున్నాయి. ఆగితే ఇంకా లోతవుతుందని ఇద్దరం దిగాం. మోకాళ్ళు, నడుము, రొమ్ము. పాదాల కింద ఇసుక జారిపోతోంది. నేను అంత భయం ఎప్పుడూ పడలేదు. చావంటే కాదు. నేనొక్కణ్ణే గట్టెక్కి అక్కకు ఫోన్ చేయాల్సి వస్తుందేమోనని. బావ డబ్బాను నెత్తిన పెట్టుకుని నడుస్తూ ఉన్నట్టుండి మునిగాడు. తేలేసరికి డబ్బా తెరుచుకుని జిగ్గులన్నీ జారిపోతున్నాయి. ఆ మనిషి ఊపిరి పీల్చుకోవడం మాని వాటికోసం చెయ్యి చాచాడు. నేను చొక్కా కాలరు పట్టి గుంజి, "ఇడిసిపెట్టురా!" అని గొంతు చించుకున్నాను. అక్క మొగుణ్ణి రా అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. బెంగాలీ ఆయన నడుం లోతు నీళ్ళలోకి దిగి చీపురు కర్ర అందించాడు. అది పట్టుకుని బయటపడ్డాం.

ఎండలో కూర్చుని పళ్ళు టకటకలాడించాం. "మీ అక్కకు చెప్పొద్దబ్బా," అన్నాడు బావ. నేను బోరుమన్నాను.

తర్వాత ఆయన ఖలాస్, ఇక్కడి పని ఇంక చాలు అనేసి ఊరికి వెళ్ళిపోయాడు. చెప్పొద్దన్న మనిషే ఇప్పుడు ఫోనులో అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెబుతాడు. మొదట్లో రొమ్ము లోతన్నాడు. తర్వాత నడుమన్నాడు. మొన్న ఉగాదికి, "మోకాటి నీళ్ళకు మీ తమ్ముడు ఎట్ల ఏడ్చినాడనుకున్యావ్!" అని పడీపడీ నవ్వాడు. కాలం ఆయన దగ్గర ఏటా జానెడు నీళ్ళు తోడేస్తోంది. ఆ తోడిన నీళ్ళన్నీ తెచ్చి నా దగ్గరే పోస్తోంది.