టీవీలోకి పోయిన బాణం గుర్తు

బలసముద్రంలో మా ఇంట్లోకి పాత కంప్యూటర్ వచ్చిన రోజు నుంచి మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. మా భూమికి సోలార్ పార్కు వాళ్ళిచ్చిన కౌలు డబ్బుతో గొర్రెపిల్లలు కొనాలని ఆమె, టైపింగ్ పని ఇంట్లోనే చేసుకుంటానని నేను. మా ఆయన నా మాట విన్నాడు. ఇక అప్పటినుంచి నేను ఏం అడిగినా ఆమె జవాబు గోడకే చెప్పేది. నోరున్న మనిషి అలా మూగనోము పడితే తిట్లకన్నా కష్టంగా ఉంటుంది. నాకు ఏడుపొచ్చేది.

పాత మిషన్‌కు విండోస్ కన్నా లినక్స్ అయితే తేలిగ్గా ఉంటుందని పావగడ షాపతను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం, మా ఆయన ప్లాంటులో ప్యానెళ్ళు కడగడానికి వెళ్ళాక, నేనే ఎక్కించాను. ఎక్కడం ఎక్కింది. తెర మీద మాత్రం ఒట్టి నీలం రంగు. ఆపి మళ్ళీ వేశాను, అదే నీలం. మౌస్ బాణం ఒక్కటి కనబడింది, అదీ అంచు దాకా పోయి మాయమైంది. దాని వంశాన్నంతా తిట్టాను.

అప్పుడు నడవలోంచి అత్త గొంతు వినిపించింది, గోడతోనే.

"ఈ టీవీకేం రోగమొచ్చెనో. సీరియల్ పోయి బాణమొకటి తిరుగుతాండాది."

సినిమాలు చూడటానికి మా ఆయన కంప్యూటర్ నుంచి టీవీకి కేబుల్ లాగి పెట్టాడు; కంప్యూటర్ వేస్తే టీవీ దానంతటదే అటు మారిపోతుంది. లినక్స్ ఆ టీవీనే అసలు తెర అనుకుంది. దాన్ని మార్చుదామని బాణాన్ని నా తెర మీదికి తెచ్చి, మౌస్ కుడి మీటతో మెనూ తెరిచి డిస్‌ప్లే సెట్టింగులు నొక్కితే, అవీ టీవీలోనే తెరుచుకున్నాయి.

"అత్తా, ఆడ ఏం కనపడతాండాది?" అని కేకేశాను.

జవాబు గోడకే చెప్పింది.

"రెండు డబ్బాలుండాయి. ఒకదాంట్లో ఒకటి నంబరు, ఇంకోదాంట్లో రెండు."

"రెండోదే నా తెర, దాని మీద నొక్కల్ల. బాణం యాడుండాది?"

"కిందుండాది. పైకి రానీ. ఇంకా... చాలు చాలు! అంత తొందరేంది మే!"

మే అంది. గోడను కాదు, నన్ను.

మౌస్ వైరు చిక్కు తీద్దామని వెనక చెయ్యి పెడితే టీవీకి పోయే కేబుల్ తగిలింది. దీన్ని పీకేస్తే చాలు, అంతా నా తెర మీదికే వస్తుందని అప్పుడు తట్టింది. పట్టుకున్నాను కూడా.

"ఏం మే, బాణం నిలబడిపోయె? నేను చెప్తాండాను కదా, కుడిపక్కకు పోనీ."

కేబుల్ వదిలేసి, కావాలనే బాణాన్ని ఎడమపక్కకు తోశాను.