చక్రాల మీది నల్లపొర

నా కారు చక్రాలకు రంగు వేసింది నేను. ఈ ఒక్క ముక్క చెప్పుకోవడానికి ఇంత రాయాల్సి రావడమే నాకు మంట.

ఆ కారు సెకండ్ హ్యాండ్‌దే, కానీ నా జీతంతో కొన్నది. మా ఇంట్లో నా పేరున ఉన్న ఒకే ఒక్క వస్తువు అది. మా ఊరు మండికల్ నుంచి బాగేపల్లిలో నేను పాఠాలు చెప్పే బడికి రోజూ దాంట్లోనే పోయి వస్తాను. కంకర రోడ్ల పుణ్యమా అని టైర్ల మధ్య ఉండే ఇనుప చక్రాల రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి తెల్ల మచ్చలు తేలాయి. చిక్కబళ్ళాపురంలో చక్రాలకు రంగులేసే షాపుకు తీసుకుపోతే, అక్కడి మనిషి చక్రం వైపు చూడనే లేదు. నా వెనక ఎవరైనా వచ్చారేమోనని చూశాడు.

"ఇంట్లో మగోళ్ళుంటే పంపిమ్మా, వాళ్ళతో మాట్లాడతా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అదే వీధిలో వేరే అంగట్లో నల్లటి రబ్బరు రంగు స్ప్రే డబ్బాలు కొనుక్కొని ఇంటికొచ్చాను. ఆ రంగు ఆరాక రబ్బరు పొరలా చక్రాన్ని పట్టుకుంటుంది. వద్దనుకున్న రోజు గోటితో అంచు లేపి లాగితే ఊడి వచ్చేస్తుంది.

ఆదివారం సబ్బునీళ్ళతో నాలుగు చక్రాలూ రుద్ది కడిగి ఆరబెట్టాను. టైరుకు రంగు అంటకుండా చక్రం చుట్టూ సందులో అట్టముక్కలు దూర్చాలి. మా ఇళ్ళల్లో అట్టలకేం కరువు? ఫ్రిజ్ మీద పెళ్ళి పత్రికల దొంతర ఉంది. మూలల్లో పసుపు పూసినవి, మంచి గట్టివి. వరసగా దూర్చేశాను. పలచగా ఒక పూత, అది ఆరేదాకా ఆగడం, మళ్ళీ ఇంకొకటి. మొత్తం అయిదు పూతలు. నడుము పట్టేసింది. వరండాలో ఫోను చూసుకుంటున్న మా ఆయన ఒక్కసారి తలెత్తి, "ఆడోళ్ళు చేసే పనా ఇది? చూసినోళ్ళు నగుతారు" అని మళ్ళీ ఫోనులోకి దిగిపోయాడు.

చివరి పూత తడిగా ఉండగానే అట్టలు లాగేయాలి. అవి లాగి నేలమీద పడేస్తుంటే, డెయిరీలో పాలు పోసి మా అత్త వచ్చింది. ఒక పత్రిక ఎత్తి చూసి గుండెలు బాదుకుంది. అది మా బావగారి కూతురి పెళ్ళి పత్రిక. ఆ పెళ్ళి ఇంకా జరగనే లేదు. పంచడానికి తెచ్చిన పత్రికలు పాతవాటి మీదే పెట్టారని నాకు తెలియదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. చూసుకోవాల్సింది.

"పెండ్లికూతురి పేరు మీద నలుపు కొడతావామ్మా? చక్రాలు గూడా నలుపే! ఈ బండి పెండ్లికి రాకూడదు. పీకేయ్ అదంతా!"

"బండి ముందర దిష్టికని నల్లతాడు కట్టింది ఎవురత్తా? అది నలుపు కాదా?"

"అమ్మ చెప్తాండాది గదా, పీకేయ్" అన్నాడు మా ఆయన.

పీకలేదు. మర్నాడు బావగారింటికి పోయి జరిగింది చెబితే, ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. మా అత్త మాత్రం నాతో మాటలు మానేసింది.

పెళ్ళి చింతామణిలో. మాట్లాడుకున్న వ్యాను చుట్టాలతో నిండిపోయింది. చివరికి మా ఇంట్లోవాళ్ళకి దిక్కయింది నా కారే. మా అత్తే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేనే నడిపాను.

కల్యాణమంటపం ముందు కారు ఆపి నేను తాళం వేస్తుండగానే, మా ఆయన వైపు చుట్టాలు కారు చుట్టూ చేరారు.

"చక్రాలు భలే ఉండాయే! యాడ చేయించినావప్పా?"

మా ఆయన బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"చేయించేదేముండాది? ఇంట్లోనే కూర్చోని చేసినా. అయిదు పూతలు కొట్టినా."

నా నడుము నొప్పితో సహా అయిదు పూతలూ ఆయనవైపోయాయి! అపశకునమైతే నాది, అందమైతే ఆయనది. మా అత్త పక్కనే ఉంది, అంతా చూసిన మనిషి, కొంగు సర్దుకుంటూ మంటపం వైపు తిరిగింది.

పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోసుకొని ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. అంచు లేపి లాగాను. నల్లపొర మొత్తం ఊడి చేతికొచ్చింది. కింద తెల్ల మచ్చలు అట్లాగే ఉన్నాయి. అందరూ చూస్తుండగా ఆ పొర ఆయన చేతిలో పెట్టాను.

"ఇప్పుడు మళ్ళా వేసి చూపించండి. అట్టలు కావాలంటే లోపల పత్రికలు చానా ఉండాయి."

ఈరోజుకీ నా కారుకు మూడు చక్రాలు నలుపు, ఒకటి మచ్చలది. ఎవరైనా ఆ ఒక్కదానికేమైందని అడిగితే, అది ఆయన చేసింది, ఆయన్నే అడగండి అంటాను.