మిస్‌ఫైర్ అని రాయమన్నారు

మెట్రో రైలు ఎల్‌బీ నగర్ దాకా వచ్చిన ఏడాది నేను నాదర్‌గుల్ అవతల ఒక ప్రైవేటు రైఫిల్ క్లబ్బులో రేంజ్ ఆఫీసరుగా చేరాను. అంతకుముందు పోలీసు శాఖలో ఆర్మరర్‌ని, అంటే ఆయుధాల తనిఖీ, మరమ్మతు చూసే ఉద్యోగిని. సభ్యులు కాల్చేటప్పుడు ఎవరికీ హాని జరగకుండా చూడడం రేంజ్ ఆఫీసరు పని. ఫైరింగ్ లైన్ మీద అతను 'స్టాప్' అంటే ఎంత హోదా ఉన్నవారైనా ఆగాలి. నియమావళిలో అలాగే ఉంది.

అక్కడ స్వప్న అనే కోచ్ ఉండేది. నల్గొండ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు కూతురు. పిస్టల్ పోటీల్లో రాష్ట్ర జట్టుకు ఆడింది. పొద్దున జాతీయ జట్టు ఎంపికల కోసం సాధన చేసుకునేది, సాయంత్రం సభ్యులకు నేర్పేది.

క్లబ్బు ఉపాధ్యక్షుడు ప్రసాదరావుగారికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్, సొంతానికి లైసెన్సు పిస్టల్ ఉన్నాయి. పిస్టల్ చేతిలో ఉండగానే వెనక్కి తిరిగి కబుర్లు చెప్పడం ఆయనకు అలవాటు. ఆయుధం మూతి ఎప్పుడూ గురివైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఈ రెండూ పాటిస్తే మిగతా పొరపాట్లు చాలావరకు ప్రాణం మీదికి రావు. పలుమార్లు చెప్పాను. "ఏవండీ, ఖాళీదే కదా, ఎందుకంత కంగారు?" అని నవ్వేవారు. చివరికి ఆయన్ని లైన్ మీంచి పంపించేసి, నెలరోజులు రానివ్వవద్దని కమిటీకి చెప్పాను. వారం తిరక్కుండా కమిటీ ఆ నిషేధం ఎత్తేసింది. పెద్దమనిషి, సర్దుకుపొమ్మని అధ్యక్షుడు ఫోన్ చేశారు.

తిరిగొచ్చిన ఆదివారమే ఆయన ట్రిగ్గర్ నొక్కితే తూటా పేలలేదు. దీన్నే మిస్‌ఫైర్ అంటారు. అప్పుడు మూతి గురివైపే ఉంచి కాసేపు ఆగాలి; మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆయన ఆగలేదు, పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగాన్ని, అంటే స్లైడ్‌ని, లాగారు. పేలని తూటా కిందపడింది, కొత్తది లోపలికి ఎక్కింది. నేను 'స్టాప్' అని అరుస్తుండగానే, "ఇదిగో చూడమ్మా, పేలట్లేదు" అంటూ స్వప్న వైపు తిరిగారు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. మూతిని పక్కకు తోయబోయి ఆమె చెయ్యి చాచింది. తూటా ఆమె కుడి అరచేతిలోంచి దూసుకుపోయింది.

తువ్వాలు బిగించి కట్టి ఎల్‌బీ నగర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో ఆమె ఏడవలేదు. "సార్, వేళ్లు కదుల్తలేవు సార్" అని మాత్రం అంటూనే ఉంది. డాక్టర్లు చెయ్యి నిలబెట్టారు. చూపుడువేలు మళ్లీ వంగలేదు.

తప్పు ఆయనది కాదు, తూటాదే అనిపించేలా, మిస్‌ఫైర్ వల్లే ప్రమాదం జరిగిందని రాసివ్వమని కమిటీ నన్ను అడిగింది. మిస్‌ఫైర్ అయింది మొదటి తూటా, అమ్మాయికి తగిలింది రెండోది అన్నాను. చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పాను.

తర్వాత స్వప్నే అది మిస్‌ఫైర్ అని వాంగ్మూలం ఇచ్చిందని తెలిసి బడంగ్‌పేట్‌లో వాళ్ల కిరాయి ఇంటికి వెళ్లాను.

"ఆయన పెద్దోడు సార్. కేసంటే ఏండ్లకేండ్లు తిరగాలె. నేను లారీ నడపాల్నా, కోర్టుకు పోవాల్నా?" అన్నాడు తండ్రి.

స్వప్న కట్టు విప్పిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మీరు నిజమే చెప్పిండ్రు సార్. గా నిజంతోని నా వేలు ఒంగుతదా?"

వాళ్లిచ్చిన టీ తాగకుండానే లేచి వచ్చాను.

నా కాంట్రాక్టును క్లబ్బు పొడిగించలేదు. ప్రసాదరావుగారు మరుసటి ఏడు అధ్యక్షుడయ్యారు. స్వప్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో బిల్లులు కొడుతోందని విన్నాను.

ఆయుధ భద్రతకు నియమాలు తెలిసినవాడు ఒక్కడుంటే చాలదు. అతను ఆపినవాణ్ణి ఎవరూ తిరిగి లోపలికి పంపకూడదు. ఆ తర్వాత నన్ను ఉద్యోగానికి పిలిచిన ప్రతి క్లబ్బునూ ముందు ఆ సంగతే అడిగాను. అలా పంపబోమని రాసిచ్చిన క్లబ్బు ఇంతవరకూ ఒక్కటీ లేదు.