బెల్లానికీ ఏడ్చిన కన్ను

నా ఎడమ కన్నుకు సిగ్గూ శరం లేదు. దెబ్బ తగిలినా, సారు తిట్టినా చుక్క రాల్చదు. ఏడుపు పనంతా పాపం కుడి కన్నుదే. ముద్ద నోట్లో పడిందా, ఎడమది బొటబొటా కారుతుంది, కుడిది పొడిగా చూస్తూ కూర్చుంటుంది. నోరూరించాల్సిన నరం దారి తప్పి కంటికి చేరిందని పెద్దయ్యాక ఒక డాక్టరు చెప్పాడు. ఆ నరం చేసిన పనికి తిట్లు తిన్నది మాత్రం నన్ను కన్న మా అవ్వ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో సంగతి. బాపు మగ్గం నేసేవాడు. ఇంట్లో పెత్తనం బాపును కన్న బాపమ్మది.

"ఏం కారం బోసినవే? పోరి ఏడ్సుకుంట తింటుంది!" అని అవ్వ మీద లేచేది.

"ఏడుస్తలేనే బాపమ్మా, కూర మస్తుగుంది" అనేదాన్ని నేను.

"సూడు, అవ్వకు భయపడి గట్లంటుంది బిడ్డ!"

అవ్వ పచ్చిపులుసులో మిరపకాయ మానేసింది. ఇంటిల్లిపాదికీ చప్పిడి తిండి. బాపు కిక్కురుమనకుండా మింగేవాడు. నా కన్ను దానికీ కారింది. అప్పుడు బాపమ్మ, "గిచ్చి పెడుతున్నవా ఏంది?" అనేసింది. అవ్వ పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. ఆ రోజు నుంచి నాకు చేత్తో ముద్ద పెట్టడం మానేసింది. నాకు అన్నం సయించలేదు.

కన్ను బాగు కావాలని బాపమ్మ వేములవాడ రాజన్నకు నా బరువంత బెల్లం మొక్కింది. గుళ్లో నన్నూ బెల్లాన్నీ తూచాక, ఒక ముక్క తానే నా నోట్లో పెట్టింది. ఇంకేముంది, ఎడమ కన్ను మొదలెట్టింది!

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏందే ముసలమ్మా, పిల్లను గిచ్చినవా?"

"అయ్యో, బెల్లమే పెట్టిన! రాజన్న తోడు!"

ఒక్కరూ నమ్మలేదు. బాపమ్మ ముఖం చూసి నాకు నవ్వాగలేదు. అవ్వ కూడా నవ్వుతుందనుకున్నాను. ఆమె మాత్రం అడ్డం వచ్చి, "మా అత్త గసొంటిది గాదు. మా పిల్ల కన్నే గంత" అంది.

 ఇంటికొచ్చాక బాపమ్మ పులుసులో తానే మిరపకాయలు పిసికి, కంచం అవ్వ ముందుకు జరిపింది.

"నువ్వే పెట్టు పోరికి."

అవ్వ ముద్ద కలిపి పెట్టింది. ఎడమ కన్ను ఎప్పటిలాగే కారింది. ఆ పూట కుడి కన్ను కూడా కారింది.